వాన గంటలు

“అది వాన కాదు, తుంపర,” అన్నాడాయన మూడోసారి, కంచం ముందు నుంచి కదలకుండా.

“తుంపరైతే వైపరు ఎందుకు వెయ్యమన్నారు?”

“అద్దం మీద దుమ్ముంది కాబట్టి.”

“దుమ్ముకి ఇరవై రెండు నిమిషాలు తిరుగుతుందా?”

“ఆపడం గుర్తులేకపోతే గంటైనా తిరుగుతుంది.”

ఆమె చేతిలో గరిటె గాల్లోనే ఆగిపోయింది. బల్ల మీద ఆకుపచ్చ అట్ట పుస్తకం తెరిచి ఉంది. దాని పక్కనే కలం, మూత పెట్టే ఉంది. ఆ మూత తీయకుండా భోజనం ముగించేలా ఉన్నాడు మహానుభావుడు.

“తీగ మీద నా దుప్పటి తడిసి ముద్దయిందిరా,” అంది గోడవార కుర్చీలోంచి అత్తయ్య. “అది తుంపరని దానికెవరూ చెప్పినట్టు లేదు.”

“నువ్వుండమ్మా. ఇది సర్కారు పుస్తకం. దుప్పటి సాక్ష్యాలు చెల్లవు.”

రోడ్ల మీద ప్రమాదాలు పెరిగిపోయాయని సర్కారు ఈ పుస్తకం పెట్టి రెండేళ్లయింది. కారు లైసెన్సు పరీక్షకి వెళ్లాలంటే ముందు ముప్పై గంటలు నడిపి ఉండాలి. అందులో రెండు గంటలు పెద్ద రోడ్డు మీద, రెండు గంటలు వానలో. మూడేళ్ల పాత లైసెన్సు ఉన్న మనిషి పక్క సీట్లో కూర్చుని, ఏ రోజు ఎన్ని నిమిషాలో రాసి సంతకం పెట్టాలి. ఆమె పుస్తకంలో ఇంక ఒక్కటే ఖాళీ. వానలో నలభై నిమిషాలు. పరీక్ష సోమవారం. ఇవాళ గురువారం. సోమవారం తప్పితే మళ్లీ తేదీ దొరికేది రెండు నెలలకి.

రెండు నెలలు ఆగే సమయం ఆమెకి లేదు. ఆస్పత్రికి రాలేని రోగుల ఇళ్లకే వెళ్లి కట్లు కట్టి వచ్చే నర్సు పోస్టు ఒకటి కొత్తగా వచ్చింది. చిన్న కారు వాళ్లే ఇస్తారు. నడపడం మాత్రం వచ్చి ఉండాలి, రుజువు చూపించాలి. పద్దెనిమిదేళ్లుగా ఒకే వార్డులో, ఒకే కిటికీ చూస్తూ కట్లు కట్టిన మనిషికి ఆ పోస్టు కాగితం చూడగానే కాళ్లలో బలం వచ్చినట్టయింది.

ఆయన పనిచేసేది లారీల కాటా మీద. సరుకుతో వచ్చిన లారీని ఒకసారి తూస్తాడు. సరుకు దింపి తిరిగొచ్చాక ఖాళీ లారీని మళ్లీ తూస్తాడు. అది తీసేస్తే మిగిలేదే అసలు బరువు. పాతికేళ్లుగా ఇదే పని. డ్రైవరు సీట్లో కూర్చుని ఉంటే దింపి మరీ తూస్తాడని పేరు. ఊళ్లో అందరూ ఆయన్ని కాటా అనే పిలుస్తారు, ఆయనా పలుకుతాడు. పెళ్లాం పుస్తకంలోనూ అదే లెక్క పెట్టాడు. సిగ్నలు దగ్గర ఆగిన నిమిషాలు తీసివేత. పెట్రోలు బంకులో తీసివేత. ఎదురింటావిడ కిటికీలోంచి పలకరిస్తే ఆ రెండు నిమిషాలూ తీసివేత. “ఆగిన బండి నడిపిన బండి కాదు,” అంటాడు.

సరే, అదీ న్యాయమే అని ఊరుకునేది, పోయినేడు ఇదే బల్ల మీద కొడుకు పుస్తకం చూసి ఉండకపోతే. ముప్పై గంటలూ ఒక్క సాయంత్రం నిండాయి. రకరకాలుగా కనిపించాలని మూడు కలాలు. మూడోది దొరక్కపోతే నానమ్మ తన మందుల డబ్బాలోంచి తీసిచ్చింది. వాన పేజీ రాసేటప్పుడైతే గ్లాసులో వేళ్లు ముంచి రెండు చుక్కలు చిలకరించాడు ఈ కాటా మనిషే, సిరా కాస్త చెదిరితే నమ్మకంగా ఉంటుందని.

“వాడి వాన గ్లాసులోంచి కురిసింది,” అంది ఆమె గరిటె దించి. “నా వాన ఆకాశంలోంచి పడినా చాలట్లేదు.”

“వాడి సంగతి వేరే. మోటారుసైకిలు మీద చెయ్యి తిరిగినవాడు.”

“మోటారుసైకిలుకి నాలుగు చక్రాలా?”

“కన్నకొడుక్కి కళ్లు మూసుకున్నావు, కట్టుకున్నదానికి కళ్లజోడు పెట్టుకున్నావు,” అంది అత్తయ్య. “ఏం తూకంరా నీది?”

సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్లో పనిచేసే కొడుకు ఇంతసేపూ తల వంచుకుని తింటున్నాడు. ఇప్పుడు తలెత్తాడు. “అమ్మా, గొడవెందుకు. నేను రాసి పెట్టేస్తా. నాన్న సంతకం నాకు చీకట్లో కూడా వస్తుంది.”

“నీకెలా వచ్చురా?” అన్నాడు తండ్రి.

“బళ్లో నా మార్కుల కార్డుల మీద ఇన్నాళ్లూ ఎవరు పెట్టారనుకున్నావు?”

అత్తయ్య నవ్వుతూ పొలమారింది. ఆమె నీళ్లందించి, వీపు రాసి, ఆకుపచ్చ పుస్తకం మూసేసింది. గొప్ప నిజాయితీ అనేం కాదు. నూట పదమూడు రోజులుగా ఉదయం డ్యూటీకి ముందు, సాయంత్రం డ్యూటీ తర్వాత, మాటలు పడుతూ నడిపింది. మెడ తిప్పు, మెడ తిప్పు అని ఆయన నస పెడుతుంటే తిప్పీ తిప్పీ మెడ పట్టేసి, తన మెడకి తనే మందు రాసుకుంది. ఆఖరి నలభై నిమిషాల్నీ గ్లాసులో నీళ్లతో తడపబుద్ధి కాలేదు.

“వద్దులే,” అంది. “వానే రానీ.”

శుక్రవారం ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది.

వార్డులో కిటికీ పక్క మంచం మీద కుట్టుపని చేసే అమ్మాయి. ఎడమ కాలు మోకాలి కింద రెండు చోట్ల విరిగింది. ఆమె పాత కట్టుని ఉప్పునీళ్లతో తడిపి, గుడ్డ చర్మాన్ని వదిలేదాకా ఓపిగ్గా ఆగింది. లాగితే పని తొందరగా అవుతుంది, కానీ పుండు మళ్లీ మొదటికొస్తుంది. అమ్మాయి కళ్లు పైకప్పు మీద పెట్టి పళ్లు బిగించింది.

“ఏదైనా చెప్పు, నొప్పి తెలియదు. ఎలా తగిలింది?”

“సైకిలు మీద నేరుగా పోతున్నా సిస్టర్. పక్కనే కారు. అతను ఎడమ వీధిలోకి తిప్పేశాడు, నా మీదుగా. అద్దంలో చూశాడట. అద్దంలో నేను లేనట.”

ఆమె చేయి ఆగింది. “అద్దంలో కొంత మేర కనబడదు. దాని కోసమే మెడ తిప్పాలి.”

“మెడకేం సిస్టర్, బాగానే ఉంది అతనికి. చూసిపోదామని వచ్చాడుగా.” అమ్మాయి గట్టిగా ఊపిరి వదిలింది. “మిషను తొక్కేది ఈ కాలితోనే.”

కట్టు పూర్తయ్యాక పెద్ద సిస్టరు వరండాలోకి పిలిచింది. “మంగళవారం పొద్దున పేరు పంపాలి. పాసైన కాగితం జతచెయ్యాలి. నీది రాకపోతే కొత్తమ్మాయి పేరు రాస్తా, ఆమెకి లైసెన్సుంది.”

“ఆ అమ్మాయికి కట్టు కట్టడం రాదు కదా.”

“లైసెన్సున్నవాళ్లకి కట్టు రాదు. కట్టు వచ్చినవాళ్లకి లైసెన్సు లేదు. నేనేం చెయ్యను చెప్పు?” అని పెద్ద సిస్టరు ఆకాశం వంక చూసింది. ఈ నలభై నిమిషాల సంగతి ఆస్పత్రంతా తెలుసు. వార్డు ఊడ్చే ముసలాయన కూడా పొద్దున్నే “ఇవాళా లేదమ్మా” అని దిగులుగా చెప్పి వెళ్లాడు.

శనివారం ఉక్కపోసింది. మబ్బులు వచ్చాయి, నిలబడ్డాయి, పోయాయి. ఆదివారం మధ్యాహ్నం ఆమె బట్టలు మడతపెడుతుంటే గది ఒక్కసారిగా మసకబారింది. పెరటి రేకు మీద టప్ మని ఒక చుక్క. ఇంకోటి. తర్వాత లెక్కపెట్టడానికి లేకుండా రేకు మోగిపోయింది.

ఆయన బోర్లా పడుకుని నిద్రపోతున్నాడు. భుజం పట్టి కుదిపింది. “ఏమండీ, లేవండి. తుంపర కాదు.”

ఒక కన్ను తెరిచి కిటికీలోంచి చూశాడు. కాదనడానికి ఏమీ దొరకలేదు. గడియారం చేతికి కట్టుకుంటూ లేచాడు.

అద్దాలు లోపల ఆవిరి పట్టేశాయి. ఆమె చల్లగాలి అద్దం మీదికి తిప్పింది, దీపాలు వేసింది, మెడ తిప్పి చూసి, వీధిలోకి వచ్చింది. వైపరు ఈ కొస నుంచి ఆ కొసకి వెళ్లేలోపే అద్దం మళ్లీ నీళ్లయిపోతోంది. ఆయన రెండు కాళ్లూ నేలకి తన్నిపెట్టి, లేని బ్రేకు తొక్కుతున్నాడు. మొదటి రోజు నుంచీ అంతే. ఆయన వైపు కాళ్ల కిందున్న పట్ట అరిగి చిల్లు పడింది.

“ముందు బండికి దూరం.”

“ఉంచాను.”

“పొడి రోడ్డు మీద ఉంచే దూరానికి రెండింతలు.”

“రెండింతలే ఉంచాను. చూడండి.”

చూశాడు.

పద్నాలుగు నిమిషాలు బాగా గడిచాయి. తర్వాత రైలు గేటు పడింది. ఆయన గడియారం చూసుకుని మణికట్టు మీద వేలు పెట్టుకున్నాడు. అంటే తీసివేత మొదలైందన్నమాట. గూడ్సు బండి, దాని తీరిక దానిది. పెట్టె తర్వాత పెట్టె, పెట్టె తర్వాత పెట్టె. పైన వాన మంచి జోరు మీద వృథాగా కురిసిపోతోంది. ఆమెకి ఆ వాననంతా బకెట్లో పట్టుకుని గేటు అవతలికి మోసుకుపోవాలనిపించింది.

“పదకొండు,” అన్నాడు గేటు లేస్తుంటే.

గేటు దాటాక పెద్ద రోడ్డు. ఒక లారీ పక్కనుంచి పోతూ అద్దం నిండా బురదనీళ్లు కొట్టింది. ఒక్క క్షణం లోకం మాయమైంది. ఆమె బ్రేకు తొక్కలేదు. యాక్సిలరేటరు మీంచి కాలు తీసి, స్టీరింగు నిటారుగా పట్టుకుని, వైపరు వేగం పెంచింది. లోకం తిరిగొచ్చింది, ఎక్కడిదక్కడే ఉంది.

కొంత దూరం పోయాక వైపరు పొడి అద్దం మీద కిర్రుమంది. వాన ఆగిపోయింది. రోడ్డు మీద ఎండ కూడా పడింది, వెక్కిరించినట్టు.

ఆయన గడియారం చూశాడు. “ముప్పై నాలుగు.”

ఇంకో ఆరు. ఆమె బండి పక్కకి తీసి ఆపింది. అడుగుతుందనుకున్నాడేమో, ఆయన కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. ఆమె అడగలేదు. అద్దంలోంచి ముందుకి చూస్తోంది. దూరంగా, రోడ్డు వంపు తిరిగే చోట, కొండమీద నల్లటి మబ్బు జరుగుతోంది. దాని కింద వాన బూడిదరంగు తెరలా నేలదాకా వేలాడుతోంది.

ఆమె మెడ తిప్పి చూసి, బండి మళ్లీ రోడ్డెక్కించింది.

“ఇల్లు అటు,” అన్నాడాయన.

“తెలుసు.”

“మరి ఎక్కడికి?”

“వాన దగ్గరికి.”

ఆయన మణికట్టు మీద మళ్లీ వేలు పెట్టుకున్నాడు. వేగం మాత్రం ఆమె పెంచలేదు. రోడ్డు పక్క పలక మీద రాసినంతే, దానికి ఒక గీత తక్కువే. మబ్బు కూడా తొందర్లో లేదు. వంపు దాటారు, కొండ దగ్గరికొచ్చింది, గాలి చల్లబడింది. ముందు నుంచి వచ్చే బళ్లన్నీ తడిసి, దీపాలు వేసుకుని వస్తున్నాయి. ఏడో నిమిషాన మొదటి చుక్క అద్దం మీద పగిలింది. వెంటనే తలుపు తీసుకుని గదిలోకి అడుగుపెట్టినట్టు వానలోకి వెళ్లిపోయారు.

ఆమె నవ్వింది. పైకే నవ్వింది. అంత చప్పుడులోనూ ఆయనకి వినబడింది.

ఆరు నిమిషాలైనా ఆమె ఆపలేదు. ఏడు, ఎనిమిది, తొమ్మిది. కొండ అవతల పెట్రోలు బంకు నీడలో బండి నిలిపి, వెంట తెచ్చిన పుస్తకం తీసి ఆయన ఒళ్లో పెట్టింది. ఆయన కలం మూత తీశాడు. మొత్తం అరవై ఒకటి, రైలు గేటు పదకొండు, వాన లేని రోడ్డు ఏడు తీసివేయగా నలభై మూడు అని రాసి, సంతకం పెట్టి, ఆరేదాకా ఊదాడు.

“ఆ లారీ నీళ్లు కొట్టినప్పుడు నువ్వు బ్రేకు తొక్కలేదు,” అన్నాడు.

“మీరేగా తొక్కొద్దన్నారు.”

“నేను చాలా అంటాను. వినేదెవరు?”

ఆమె ఆయన కాళ్ల వైపు చూసింది. ఒకదాని మీద ఒకటి వేసుకుని తీరిగ్గా ఉన్నాయి. ఎప్పటినుంచి అలా ఉన్నాయో ఆయనకీ తెలిసినట్టు లేదు.

సోమవారం కాటా మీద బళ్ల వరస ఉంది, ఆయన రాలేనన్నాడు. కొడుకు లైసెన్సుకి ఏడాదే కాబట్టి వాడు పక్కన కూర్చుంటే ఆమె నడపడానికి లేదు. వాడే నడిపాడు, ఆమె పక్క సీట్లో కూర్చుంది.

ఒంటిచేత్తో తిప్పుతున్నాడు, పాట పెట్టుకున్నాడు. బాగానే నడుపుతున్నట్టుంది చూసేవాళ్లకి. ముందు బండికి దూరం చూసుకుంది, లేదు. సిగ్నలు పసుపు పడితే వేగం పెరిగింది. లైసెన్సు ఆఫీసు వీధి వచ్చింది. వాడు అద్దంలోకి ఓ చూపు విసిరి ఎడమకి తిప్పేశాడు.

ఆమె మెడ దానంతట అదే తిరిగింది. “ఆపు.”

బండి కుదుపుతో ఆగింది. ఎడమ తలుపుకి జానెడు దూరంలో ఒక సైకిలు. దాని మీద నడివయసు మనిషి, ఒక కాలు నేల మీద ఆనించి, పడబోయి నిలదొక్కుకున్నాడు. బుట్టలోంచి రెండు ఉల్లిపాయలు దొర్లి కారు కిందికి పోయాయి. అతను తిట్టలేదు కూడా. కారు పైకప్పు మీద అరచేత్తో ఒక్కటి చరిచి, ఉల్లిపాయలు ఏరుకుని వెళ్లిపోయాడు.

“అద్దంలో లేడమ్మా,” అన్నాడు కొడుకు. మొహం పాలిపోయింది. “నిజంగా. అద్దంలో చూశాను.”

ఆమెకి తన కుడికాలు నేలకేసి తన్ని ఉండటం, కింద పట్టలో చిల్లు పడిన చోటే ఆనడం తెలుస్తూనే ఉంది. వాడు అబద్ధం చెప్పట్లేదు. వాడికెవరూ చెప్పలేదు. చెప్పాల్సిన ముప్పై గంటలూ మూడు కలాలతో అయిపోయాయి. విరిగిన ఎడమ కాలు కళ్ల ముందు మెదిలింది. దాని పక్కన మంచం మీద కొడుకు కూర్చుని, చూసిపోదామని వచ్చానండీ అంటున్నాడు.

“పక్కకి పెట్టి దిగు,” అంది మెల్లగా. “పరీక్షకి వేళయింది.”

పరీక్ష పెట్టే అధికారి ఒక ఆడమనిషి. కళ్లజోడు గొలుసుతో మెడలో వేలాడేసుకుని, ఎదురుగా పేర్చిన ఆకుపచ్చ పుస్తకాల్ని ముద్రలు కొట్టి పక్కన పడేస్తోంది. ఆమె పుస్తకం దగ్గర చెయ్యి ఆగింది. కళ్లజోడు పెట్టుకుంది.

“ముప్పై ఏడు నిమిషాలు. యాభై రెండు. ఇదేంటి... ఎదురింటావిడ పలకరింపు, రెండు తీసివేత?”

“అవునండీ.”

“రైలు గేటు, పదకొండు తీసివేత.” అధికారి పుస్తకం పక్క బల్ల గుమస్తాకి చూపించింది. “రోజుకి నలభై పుస్తకాలు చూస్తాను. అందరివీ గుండ్రటి గంటలే. ఎవరికీ ఎక్కడా గేటు పడదు. ఎవరు రాశారమ్మా ఇది?”

“మావారండీ. లారీల కాటా మీద పనిచేస్తారు.”

“అలా చెప్పండి,” అంది అధికారి లేస్తూ. “పదండి, సరుకు కూడా చూద్దాం.”

ఆఫీసు కారులో పక్క సీటుకి కూడా ఒక బ్రేకు ఉంది. అధికారి దాని మీద కాలు పెట్టుకుని, ఒళ్లో అట్ట పెట్టుకుని కూర్చుంది. ఎత్తు మీద ఆపి, వెనక్కి జారకుండా మళ్లీ కదిలించమంది. అడుగు ఖాళీ వదిలి రెండు బళ్ల మధ్య పెట్టమంది. సంత వీధిలోకి పొమ్మంది. అక్కడ ఎడమకి తిప్పేముందు ఆమె మెడ తిప్పింది. అద్దంలో లేని మనిషొకడు తోపుడుబండితో సరిగ్గా అక్కడే ఉన్నాడు. ఆగింది. అతను తీరిగ్గా, ఊరు తనదన్నట్టు దాటాడు. అతను దాటాక మళ్లీ మెడ తిప్పి చూసి, అప్పుడు తిప్పింది.

తిరిగొచ్చేటప్పుడు చూస్తే అధికారి కాలు బ్రేకు మీద లేదు. చెప్పు వదిలేసి, పాదం వెనక్కి తీసుకుని రాసుకుంటోంది.

“మీ పక్కన నా కాలికి పని లేదు,” అంది అట్ట మీద ముద్ర కొడుతూ. “పొద్దుట్నుంచీ తొక్కీ తొక్కీ లాగేస్తోంది. పాస్. కాగితం గుమస్తా ఇస్తాడు. ఇంకేమైనా కావాలా?”

“ఇంకో పుస్తకం ఇస్తారా? ఖాళీది.”

ఇంటికి ఆమే నడుపుకుంటూ వచ్చింది. దారిలో ఆస్పత్రి దగ్గర ఆగి, పెద్ద సిస్టరు చేతిలో కాగితం నకలు పెట్టింది. పెద్ద సిస్టరు దాన్ని రెండుసార్లు చదివి, రాసిపెట్టుకున్న కొత్తమ్మాయి పేరు కొట్టేసి ఆమె పేరు రాసింది. ఊడ్చే ముసలాయన చీపురు పక్కన పెట్టి, కారు గేటు దాటేదాకా నిలబడి చూశాడు.

సాయంత్రం నలుగురూ బల్ల దగ్గర కూర్చున్నారు. అత్తయ్య ఆ కాగితాన్ని తన కంచం పక్కనే పెట్టుకుంది, తడి చేత్తో ఎవర్నీ ముట్టనివ్వట్లేదు. ఆయన రెండోసారి వడ్డించుకుంటూ, “ఏమన్నా అను, తూకం ఖచ్చితంగా ఉంటే పరీక్ష దానంతటదే పాసవుతుంది,” అన్నాడు.

“నిజమే,” అంది ఆమె. “మీరు తీసేసిన ప్రతి నిమిషానికీ నేను ఇంకో నిమిషం నడిపాను. అందుకే వచ్చింది. కాదనను.”

ఆయన ఇంకేదో పొగడ్త వస్తుందని ఆగాడు.

“ఒక్కటే తప్పు జరిగింది. ఇంట్లో నేర్చుకునేవాళ్లం ఇద్దరం ఉన్నాం, కాటా మీదికి నన్నొక్కదాన్నే ఎక్కించారు.”

పొద్దున జరిగింది చెప్పింది. గొంతు పెంచకుండా, వార్డులో ఒక రోగి సంగతి మరో నర్సుకి అప్పగించినట్టు చెప్పింది. సైకిలు, జానెడు దూరం, ఉల్లిపాయలు. కుట్టుపని అమ్మాయి కాలి గురించి కూడా చెప్పింది. ఆయన చెయ్యి కంచంలోనే ఉండిపోయింది. ఓసారి కొడుకు వంక, ఓసారి బల్ల మీది నీళ్ల గ్లాసు వంక చూశాడు.

ఆమె కొత్త ఆకుపచ్చ పుస్తకం తీసి కొడుకు ముందు పెట్టింది. అట్ట మీద వాడి పేరు అప్పుడే రాసి ఉంది.

“రేపట్నుంచి పొద్దున ఆరింటికి. ముప్పై గంటలు. పక్కన ఒకరోజు మీ నాన్న, ఒకరోజు నేను. అవి పూర్తయ్యేదాకా కారు తాళం నా దగ్గరుంటుంది.”

“నాకు లైసెన్సుందమ్మా.”

“ఉంది. గంటలే లేవు.”

“ఇది సర్కారు రూలేం కాదు కదా.”

“కాదు. ఇంటి రూలు.”

వాడు సాయం కోసం తండ్రి వైపు చూశాడు. ఆయన చెయ్యి కడుక్కొచ్చి, మణికట్టు మీది గడియారం విప్పి ఆమె ముందు పెట్టాడు. అత్తయ్య తన మందుల డబ్బా దగ్గరికి జరుపుకుని మూత గట్టిగా బిగించింది. “ఈసారి కలం నన్నడక్కండి,” అంది.

కొడుకు పుస్తకం తెరిచి పేజీలు తిప్పాడు. పొద్దున్న పాలిపోయిన మొహం ఇంకా పూర్తిగా తేరుకోలేదు. కాసేపటికి ఒక పేజీ దగ్గర ఆగి, మెల్లగా అడిగాడు. “వాన గంటలు కూడానా?”

“వాన గంటలు కూడా,” అంది ఆమె కంచాలు తీస్తూ. “తుంపర లెక్కలోకి రాదు.”